రక్త నమూనాలు తీసేవారి జీతాల్లో ఇంత తేడా ఎందుకు?

ప్రశ్న: డీఎంఎల్‌టీ (మెడికల్ ల్యాబ్ టెక్నాలజీ డిప్లొమా) చదివి మూడేళ్లుగా ఒక ప్రైవేటు ల్యాబ్‌లో రక్త నమూనాలు తీస్తున్నాను. నాతో చదివిన స్నేహితురాలు ప్రభుత్వ ఆసుపత్రిలో ఇదే పని చేస్తూ నాకు రెండింతల జీతం తీసుకుంటోంది. ఇళ్లకు వెళ్లి నమూనాలు సేకరించే మరో మిత్రుడి సంపాదన ఒక నెల ఉన్నట్టు మరో నెల ఉండదు. ఎందుకీ తేడా?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: మీ స్నేహితురాలిది రెగ్యులర్ పోస్టు అయి ఉంటుంది. 2024లో తెలంగాణ వైద్యారోగ్య సేవల నియామక బోర్డు 1,284 ల్యాబ్ టెక్నీషియన్ గ్రేడ్-2 పోస్టులకు ఇచ్చిన నోటిఫికేషన్‌లో వేతన శ్రేణి రూ.32,810–96,890గా ఉంది. మూలవేతనానికి కరవు భత్యం, ఇంటి అద్దె భత్యం కలుస్తాయి, ఏటా ఇంక్రిమెంటు వస్తుంది. అదే ఆసుపత్రిలో, అదే గదిలో, కాంట్రాక్టు లేదా అవుట్‌సోర్సింగ్ పద్ధతిలో సూది పట్టేవారికి మాత్రం ఈ శ్రేణి వర్తించదు. ఇది న్యాయం కాదని నా అభిప్రాయం. చంటిబిడ్డ చేతిలో నరం దొరకబుచ్చుకోవడానికి, టూర్నికే (చేతికి కట్టే పట్టీ) నిమిషానికి మించి ఉంచకుండా పని ముగించడానికి, రక్తం గడ్డకట్టే తీరు పరీక్షించే నీలిమూత ట్యూబును గీత వరకు సరిగ్గా నింపడానికి కావలసిన నేర్పు ఇద్దరికీ ఒకటే. తీసేటప్పుడు రక్తకణాలు చిట్లితే పొటాషియం ఉన్నదానికన్నా ఎక్కువగా కనిపించి డాక్టరు పొరబడే ప్రమాదమూ ఇద్దరి చేతుల్లోనూ ఒకటే.

ప్రైవేటు ల్యాబుల్లో ఇలాంటి వేతన శ్రేణి లేదు కనుక ఊరు, షిఫ్టు, నమూనాలు తీయడంతో పాటు ఎనలైజర్ (నమూనాలను పరీక్షించే యంత్రం) కూడా నడపగలరా అన్నదాన్ని బట్టి యాజమాన్యం జీతం నిర్ణయిస్తుంది. ఇళ్లకు వెళ్లేవారికి చాలాచోట్ల కొంత స్థిర వేతనం, ఆపైన విజిట్‌కు ఇంత అని ఇస్తారు. పరగడుపు నమూనాలన్నీ తెల్లవారుజాము నుంచి ఉదయం తొమ్మిది, పది గంటల లోపే తీయాలి కనుక రోజుకు చేయగల విజిట్లు కొన్నే; అవి తగ్గిన నెలలో సంపాదన పడిపోతుంది. పెట్రోలు ఖర్చు ఎవరిదో కూడా మీ మిత్రుడు లెక్కలోకి తీసుకోవాలి.

మీరు ఉద్యోగం మారేటప్పుడు సీటీసీ (మీ మీద సంస్థ పెట్టే మొత్తం ఖర్చు) అంకె ఒక్కటే చూడకండి. పీఎఫ్ వర్తించే సంస్థలో మూలవేతనం రూ.15,000 అనుకుంటే మీ వాటా 12 శాతం కింద రూ.1,800, యజమాని వాటా మరో రూ.1,800 అవుతాయి. సీటీసీలో రెండూ కలిపి చెబితే ఆ రూ.3,600 మీ పేరిట పీఎఫ్, పింఛను నిధుల్లోకి వెళుతుంది కాని నెలనెలా చేతికి రాదు. ఈఎస్ఐ (ఉద్యోగుల ఆరోగ్య బీమా) ఉందా, రాత్రి డ్యూటీకి విడిగా ఇస్తారా అన్నవి నియామక పత్రంలో రాయించుకోండి.

ప్రభుత్వ పోస్టు మీద ఆశ ఉంటే ఒక సంగతి గమనించండి. పైన చెప్పిన నియామకంలో 80 మార్కులు రాతపరీక్షకు, 20 మార్కులు ప్రభుత్వ ఆసుపత్రుల్లో కాంట్రాక్టు, అవుట్‌సోర్సింగ్ సేవకు కేటాయించారు. మీ ప్రైవేటు అనుభవానికి అందులో వెయిటేజీ లేదు కనుక రాతపరీక్ష మీదే దృష్టి పెట్టండి, పారామెడికల్ బోర్డు రిజిస్ట్రేషన్ గడువు తీరకుండా చూసుకోండి.