హాలీవుడ్ నటి బెట్టీ డేవిస్ తన సహనటుల్ని తొక్కేసేదా?

చాలామంది అలాగే అనుకుంటారు. ఆ పెద్ద కళ్లు, విసురుగా సిగరెట్ పట్టుకునే తీరు, మాటల్ని విరిచి విరిచి పలకడం... ఫ్రేమ్‌లో ఆమె ఉంటే చూపు పక్కకు తిప్పుకోవడం కష్టమే. కానీ తెరను ఏలడం వేరు, పక్కవాళ్లను తొక్కడం వేరు.

1941లో వచ్చిన ‘ద గ్రేట్ లై’ సంగతే చూడండి. స్క్రిప్టులో పస లేదని డేవిస్‌కు అనిపించింది. సహనటి మేరీ ఆస్టర్‌ను కూర్చోబెట్టుకుని, ఇద్దరూ కలిసి సీన్లు తిరగరాశారు. లాభపడింది ఆస్టరే! ఆమెది పొగరుబోతు పియానిస్ట్ పాత్ర. గర్భంతో, ఊరికి దూరంగా ఎడారి ఇంట్లో ఆమె చిరాకుతో రగిలిపోతుంటే, హీరోయిన్ డేవిస్ ఓపికగా కాపలా కాస్తుంది. ఆ సీన్లలో మన కళ్లు ఆస్టర్ మీదే ఉంటాయి. ఉత్తమ సహాయ నటి ఆస్కార్ కూడా ఆస్టర్‌కే వచ్చింది. వేదిక మీద ఆమె థాంక్స్ చెప్పింది బెట్టీ డేవిస్‌కి, రష్యన్ సంగీతకర్త చైకోవ్‌స్కీకి (సినిమాలో ఆస్టర్ పాత్ర పియానో మీద వాయించేది ఆయన రచనే మరి).

అలాగని డేవిస్ మరీ సాధువేం కాదు. మరో నటి మిరియం హాప్కిన్స్‌తో అస్సలు పడేది కాదు. షాట్ మధ్యలో హాప్కిన్స్ మెల్లగా సోఫాలో వెనక్కి జరిగేదట. ఆమెను చూసి మాట్లాడాలంటే డేవిస్ కెమెరా నుంచి మొహం తిప్పుకోవాల్సిందే. 1943 నాటి ‘ఓల్డ్ అక్వెయింటెన్స్’లో హాప్కిన్స్‌ను భుజాలు పట్టుకుని కుదిపేసే సీన్ ఒకటుంది. డేవిస్ అంత మనసుపెట్టి చేసిన సీన్లు తక్కువేమో!