పిల్లలతో బెజవాడ, గుంటూరు: చుట్టాలూ కృష్ణలో పడవా

అమెరికా వచ్చి కొన్నేళ్ళయిన జంటలు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఇది. "ఇక్కడ పుట్టిన పిల్లల్ని మొదటిసారి ఇంటికి తీసుకెళుతున్నాం. సెలవు మూడు వారాలే. మా ఆయన వాళ్ళది గుంటూరు, మా వాళ్ళది బెజవాడ. చుట్టాలందరినీ కలవాలి, పిల్లలకి నాలుగు చోట్లు చూపించాలి, వాళ్ళకి జబ్బు చెయ్యకూడదు. ఎలా ప్లాన్ చేసుకోవాలి?"

నా జవాబు ఎప్పుడూ ఒకటే. పిల్లల్ని చుట్టాల ఇళ్ళకి తిప్పకండి. చుట్టాలనే పిల్లలున్న చోటికి పిలవండి.

ఇళ్ళకి తిప్పితే ఏమవుతుందో మీకూ తెలుసు. నాలుగేళ్ళ పాప కొత్త ఇంట్లోకి అడుగు పెట్టగానే ఆరుగురు పెద్దవాళ్ళు చుట్టూ చేరతారు. ఒకరు బుగ్గ గిల్లుతారు, ఒకరు "నేనెవరో చెప్పు చూద్దాం" అంటారు. పాప అమ్మ కొంగు వెనక్కి పోతుంది. పావుగంట గడిచాక ఆ ఇంటి పిల్ల తన బొమ్మల డబ్బా తెచ్చి ముందు పెడుతుంది. ఇద్దరూ నేల మీద కూర్చుంటారు. అప్పుడే మీ చేతిలో చీరా జాకెట్టు గుడ్డా పెట్టి బొట్టు పెడతారు, ఇంకో ఇంటికి టైమవుతోందని మీరు లేస్తారు. పాప ఏడుస్తుంది. రోజుకి నాలుగిళ్ళు ఇలా తిప్పితే సాయంత్రానికి "అమెరికా పిల్లలు ఎవరితోనూ కలవరు" అనే మాట పుడుతుంది. ఆ మాట తాతయ్యా నానమ్మల చెవిన పడి వాళ్ళు బాధపడతారు. పిల్ల కలవకపోలేదు. కలిసేంత టైము మనమే ఇవ్వలేదు.

ఇక ఎప్పుడు వెళ్ళాలన్నది. ఎక్కువమంది ఇక్కడి స్కూలు సెలవులు చూసుకుని జూన్‌లో బయల్దేరతారు. ఆంధ్రాలో ఎండాకాలం సెలవులు ఏప్రిల్ చివర్లో మొదలై జూన్ రెండో వారంలో అయిపోతాయి. మీరు దిగేసరికి బాబాయి పిల్లలు, మేనత్త పిల్లలు యూనిఫాం వేసుకుని స్కూలుకి పోతుంటారు. ఇంట్లో మిగిలేది పెద్దవాళ్ళూ టీవీ. కాస్త ముందే వెళదామంటే రోహిణి కార్తె ఎండ. బెజవాడ ఎండ సంగతి అక్కడ పెరిగినవాళ్ళకి చెప్పక్కర్లేదు గాని, న్యూజెర్సీలో పుట్టిన రెండేళ్ళ పిల్లాడికి అది తెలియదు. ఆగస్టు, సెప్టెంబరుల్లో కృష్ణకి వరద వస్తే పడవలు ఆపేస్తారు. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి సగం బెజవాడ నీళ్ళలో ఉండటం మనం ఇక్కడ కూర్చుని ఫోన్లలో చూశాం.

అందుకే స్కూలు వయసు రాని పిల్లలుంటే డిసెంబరు చివర్లో వెళ్ళి సంక్రాంతి చూసుకుని రమ్మంటాను. ఎండ ఉండదు, నదిలో నీళ్ళుంటాయి, సంక్రాంతి సెలవులకి పిల్లలంతా ఇంట్లో ఉంటారు. కిండర్‌గార్టెన్‌లో ఉన్న పిల్లకి జనవరిలో కొన్ని రోజులు స్కూలు పోతుంది. ముందుగానే స్కూలుకి రాసి అడగండి, ఎందుకంటే కొన్ని చోట్ల వరసగా ఎక్కువ రోజులు రాకపోతే పేరు తీసేసే నిబంధనలుంటాయి.

ఆ నెలలో వెళితే ఇంకో లాభం. చలికాలంలో అమెరికా తూర్పు తీరానికీ ఇండియాకీ పదిన్నర గంటల తేడా. మొదటి నాలుగైదు రోజులు పిల్లలు తెల్లవారుజామున మూడింటికి లేచి కూర్చుంటారు. కొత్తగా వెళ్ళే తల్లిదండ్రులకి ఇదే పెద్ద టెన్షన్. ధనుర్మాసంలో మాత్రం ఆ మెలకువని తీసుకెళ్ళి నానమ్మకి అప్పగించవచ్చు, ఆవిడ ఎలాగూ నాలుగింటికే లేస్తుంది. పాపకి స్వెట్టర్ వేసి గుమ్మంలో కూర్చోబెట్టండి. ఆవిడ కళ్ళాపి చల్లి, చుక్కలు పెట్టి, ముగ్గు కలుపుతుంటే పిల్ల కళ్ళప్పగించి చూస్తుంది. మధ్యలో ఒక గడిలో రంగు నింపమని చిటికెడు చేతిలో పోస్తే ఇక అక్కణ్ణించి లేవదు. గుళ్ళో తిరుప్పావై అయ్యాక దొన్నెలో పెట్టే వేడి వేడి కట్టెపొంగలి కారం లేని తిండి. మిరియాలు ఏరేస్తే పిల్లలు ఇష్టంగా తింటారు. ఏ హోటలూ ఏ పార్కూ ఇవ్వలేనిది ఆ రెండు గంటల్లో దొరుకుతుంది. ఆ నాలుగైదు రోజులు ఇంకే ప్రోగ్రామూ పెట్టుకోకండి. "మా ఇంటికి ఎప్పుడొస్తున్నారు" అని ఫోన్లు వస్తాయి. "ఫలానా రోజు అందరం నది దగ్గర కలుద్దాం అత్తయ్యా, మీరూ రావాలి" అని అప్పుడే చెప్పేయండి.

నది అంటే బెజవాడలో భవానీ ద్వీపం. ప్రకాశం బ్యారేజీకి ఎగువన, కృష్ణ మధ్యలో 130 ఎకరాల పైన ఉన్న లంక. 1957లో కట్టిన ఆ బ్యారేజీ దగ్గర పన్నెండు అడుగుల మట్టాన నీళ్ళు నిలబెడతారు కాబట్టి దాని పైభాగంలో చలికాలంలోనూ పడవలు తిరుగుతాయి. భవానీపురం వైపు బెర్మ్ పార్కు, పున్నమి ఘాట్‌ల దగ్గర పర్యాటక శాఖ పడవలు ఎక్కవచ్చు. ప్రయాణం కాసేపే, చిన్నపిల్లలకి అదే మంచిది. గంటల తరబడి సాగే లాంచీ ప్రయాణాల్లో మూడేళ్ళవాడు తొలి పావుగంట తర్వాత దిగిపోతానంటాడు. పడవ కదలగానే ఒక పక్క ఇంద్రకీలాద్రి, అమ్మవారి గుడి గోపురం, వెనక బ్యారేజీ గేట్లు కనిపిస్తాయి. ఎవరూ గైడ్ అక్కర్లేదు. పక్కన కూర్చున్న మావయ్య "మేం చిన్నప్పుడు ఇక్కడే ఈత కొట్టేవాళ్ళం" అని మొదలుపెడతాడు. పిల్ల వింటుంది.

ద్వీపంలో చెట్లు, ఉయ్యాలలు, పరిగెత్తడానికి చోటు. ఉదయం పదింటికల్లా చేరిపోండి. ఆదివారం వద్దు, పండగ మూడు రోజులూ వద్దు. పులిహోర, దద్ధోజనం, ఉడికించిన వేరుశెనక్కాయలు, అరటిపళ్ళు ఇంటినించే పట్టుకెళ్ళండి, తలా ఒక గిన్నె తెస్తే ఎవరికీ భారం కాదు. తాగే నీళ్ళు మర్చిపోవద్దు. పెద్దవాళ్ళు చాపల మీద కూర్చుని కబుర్లలో పడతారు, పిల్లలు వాళ్ళంతట వాళ్ళు ఒక గుంపవుతారు. పదేళ్ళ అన్నయ్య ఒకడు దొరికితే చాలు, మీ పిల్లాణ్ణి చెయ్యి పట్టుకుని తిప్పుతాడు. భాష రాకపోయినా దొంగాట, కుంటాట వచ్చేస్తాయి. సాయంత్రం మూడు, నాలుగు గంటలకల్లా ఒడ్డుకి వచ్చేయండి.

పడవ విషయంలో నేను మొహమాటం లేకుండా చెబుతాను, మీరూ మొహమాటపడకండి. 2017 నవంబరు 12న ఇదే నదిలో, ఇబ్రహీంపట్నం దగ్గర పవిత్ర సంగమానికి వెళుతున్న పడవ తిరగబడి 20 మందికి పైగా చనిపోయారు. అనుమతి లేని పడవ, పట్టేదానికంటే ఎక్కువ మంది జనం. కాబట్టి ఘాట్ దగ్గర ఎవరో వచ్చి "మా బోటు ఎక్కండి సార్, వెంటనే తీసేస్తాం" అంటే వద్దనండి. టికెట్టు కౌంటర్‌లో కొని, లైఫ్ జాకెట్ ఇచ్చే పడవే ఎక్కండి. అయితే ఇచ్చే జాకెట్లలో పసిపిల్లల సైజు దొరుకుతుందని నమ్ముకోకండి. ఇక్కణ్ణించే, మీ పిల్ల బరువుకి సరిపోయేది, కాళ్ళ మధ్య నుంచి పట్టీ వచ్చేది కొని పెట్టెలో పడేసుకోండి. తేలికే. అన్ని పట్టీలూ బిగించాక రెండు భుజాల దగ్గరా జాకెట్టు పట్టుకుని పైకి లాగి చూడండి. అది గడ్డం దాటి చెవుల దాకా వచ్చిందంటే నీళ్ళలో పిల్ల అందులోంచి జారిపోతుంది, ఆ సైజు పనికిరాదు. "ఇంత దూరానికి అదంతా ఎందుకమ్మా" అని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. నవ్వి ఊరుకుని పట్టీ బిగించండి.

రెండో పెద్ద కలయిక భోగి సాయంత్రం. అయిదేళ్ళ లోపు పిల్లలుంటే భోగిపళ్ళు పోయించండి. రేగిపళ్ళు, చెరుకు ముక్కలు, బంతిపూల రేకులు, చిల్లర డబ్బులు కలిపి పిల్ల తల మీంచి పోసి దిష్టి తీసే ఈ ఒక్క పేరంటానికి వీధిలో వాళ్ళూ, వేలు విడిచిన మేనత్తలూ అందరూ వస్తారు. మీరు ఇరవై ఇళ్ళకి వెళ్ళి కలవాల్సిన వాళ్ళు రెండు గంటల్లో మీ ఇంట్లోనే కనిపిస్తారు. పిల్లకి మాత్రం ముందురోజే చెప్పండి, ఒక గుప్పెడు పువ్వులు మీరే ఆమె తల మీద పోసి చూపించండి. అప్పటికప్పుడు కూర్చోబెడితే జడుసుకుంటుంది. చిల్లరా రేగి గింజలూ నోట్లో పెట్టుకునే వయసైతే అయిపోగానే వెంటనే ఊడ్పించండి. భోగి ఎవరింట్లో, సంక్రాంతి ఎవరింట్లో అన్నది టికెట్లు కొనక ముందే రెండు వైపులా పెద్దవాళ్ళతో మాట్లాడుకోండి. గుంటూరికీ బెజవాడకీ గంట ప్రయాణం, భోగి ఇటూ పండగ అటూ జరుపుకోవచ్చు. దిగాక ఈ మాట ఎత్తితే మాత్రం ఎవరో ఒకరు చిన్నబుచ్చుకుంటారు.

నదికీ పేరంటానికీ రాలేని వాళ్ళుంటారు. మంచం పట్టిన పెద్దమ్మ, మోకాళ్ళు కదలని తాతయ్య. వాళ్ళ దగ్గరికి మాత్రం మనమే వెళ్ళాలి. రోజుకి ఒక్క ఇల్లు, అదీ పిల్లలు హుషారుగా ఉండే ఉదయం పూట. అక్కడ పిల్లల చేత ఏదో ఒక పని చేయించండి. తాతయ్యకి మంచినీళ్ళు ఇమ్మనండి, కళ్ళజోడు తెచ్చిపెట్టమనండి. "నమస్తే చెప్పు, పాట పాడు" అని నలుగురిలో నిలబెట్టడం కన్నా ఇది చాలా నయం. పెద్దవాళ్ళు చేతిలో డబ్బులు పెడితే వద్దనకండి, పిల్లల చేత తీసుకోనిచ్చి దణ్ణం పెట్టించండి.

తిండి సంగతి క్లుప్తంగా. గుంటూరు ఇళ్ళల్లో "కారం వెయ్యలేదమ్మా" అంటే మనం అనుకునేంత తక్కువేం కాదు. పిల్లలకి ముద్దపప్పు, నెయ్యి, ఇడ్లీ, పెరుగన్నం చాలు. ఒకే ఇంట్లో ఉంటే అవి రోజూ దొరుకుతాయి, అందుకే బస ఒకచోటే పెట్టుకోమంటున్నాను. కాచి చల్లార్చినవో సీలున్న సీసావో తప్ప వేరే నీళ్ళు వద్దు. పళ్ళు తోముకునే నీళ్ళ దగ్గర కూడా గమనించండి. ఓఆర్‌ఎస్ పొట్లాలు, థర్మామీటరు, దోమల మందు చేతి సంచిలోనే ఉండాలి. బయల్దేరడానికి కనీసం నాలుగు నుంచి ఆరు వారాల ముందు పిల్లల డాక్టర్ని కలవండి. టైఫాయిడ్, హెపటైటిస్ ఏ టీకాల గురించి అడగండి. ఏడాది నిండని బిడ్డకి, ఆరు నెలలు దాటితే, తట్టు టీకా ముందుగా వేస్తారు. కారు సీటు ఇక్కణ్ణించి తీసుకెళ్ళండి, అద్దె కార్లలో ఉండదు. కారు మాట్లాడేటప్పుడే వెనక సీటు బెల్టులు పనిచేస్తున్నాయా అని అడగండి. చాలా కార్లలో అవి సీటు కవరు కింద నలిగి ఉంటాయి.

ఖాళీ పూట దొరికితే గుంటూరు పక్కన ఉప్పలపాడు చెరువుకి తీసుకెళ్ళండి. చలికాలం సాయంత్రాల్లో గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు గుంపులుగా తుమ్మచెట్ల మీద వాలుతుంటే పిల్లలు అరుస్తూ చూస్తారు. కొండపల్లిలో పొణికి చెక్కని బొమ్మగా చెక్కడం కూడా చూపించవచ్చు. నాగార్జునకొండ లాంచీ బాగుంటుంది గాని పోను మూడు గంటలకి పైగా రోడ్డు, మ్యూజియానికి శుక్రవారం సెలవు. పిల్లలు ఎనిమిదేళ్ళు దాటాక చూసుకోవచ్చు.

ఇక కాగితాలు. పిల్లలకి అమెరికా పాస్‌పోర్టు ఉంటే ఓసీఐ (విదేశీ పౌరులైన భారత సంతతి వాళ్ళకి ఇండియా ఇచ్చే కార్డు) గాని ఇండియా ఈ-వీసా గాని ఉండాలి. మొదటి ప్రయాణానికి టైము తక్కువుంటే ఈ-వీసా సరిపోతుంది. పదహారేళ్ళ లోపు పిల్లల పాస్‌పోర్టు అయిదేళ్ళకే అయిపోతుంది, తేదీ చూసుకోండి. పిల్లలతో ఒక్కరే వెళుతుంటే రెండో వాళ్ళు నోటరీ చేయించిన ఒప్పుకోలు ఉత్తరం ఇవ్వాలి. మీ పాస్‌పోర్టులో అమెరికా వీసా ముద్ర గడువు అయిపోయిందా, హైదరాబాదులోని అమెరికా కాన్సులేట్‌లో అపాయింట్‌మెంట్ చేతిలో పడ్డాకే టికెట్లు కొనండి.

టికెట్లు గన్నవరం దాకా ఒకేసారి తీసుకుంటే సామాను బరువు లెక్క అంతర్జాతీయ టికెట్టుదే ఉంటుంది. ఇండియా లోపలి విమానం విడిగా కొంటే 15 కిలోలే అంటారు, మీ నాలుగు పెట్టెలకి అక్కడ డబ్బు కట్టాలి. హైదరాబాదులో దిగి రోడ్డు మీద వెళ్ళే వాళ్ళు సంక్రాంతి రద్దీ గుర్తుపెట్టుకోండి. పండక్కి ముందు హైదరాబాదు నుంచి ఇటు, పండగ మర్నాటి నుంచి అటు, టోల్ ప్లాజాల దగ్గర కార్లు బారులు తీరుతాయి. మామూలప్పుడు అయిదు గంటల దారి ఎంతసేపు పడుతుందో ఎవరూ చెప్పలేరు. తిరుగు విమానం శంషాబాదు నుంచి అయితే రైలుకి వెళ్ళండి. రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుస్తారు, పండగ తేదీలకి ఆ రోజు ఉదయమే ఎవరినైనా కూర్చోబెట్టి బుక్ చేయించండి. విమానానికి ఒక రోజు ముందే హైదరాబాదు చేరి, పిల్లల్ని ఆ రాత్రి నిద్రపోనివ్వండి.