నష్టాల్లో ఉన్న కన్సోల్ కంపెనీ లైసెన్సు ఇస్తానంటోంది, సంతకం పెట్టొచ్చా?

ప్రశ్న: మేం నలుగురు స్నేహితులం కలిసి హైదరాబాద్‌లో చిన్న గేమ్ స్టూడియో నడుపుతున్నాం. ఇప్పటిదాకా మొబైల్ గేమ్‌లే చేశాం. మా కొత్త గేమ్ చూసి ఒక విదేశీ కన్సోల్ (టీవీకి తగిలించి గేమ్‌లు ఆడే మెషీన్) కంపెనీ లైసెన్సు ఒప్పందం పంపింది. ఆ కంపెనీ నష్టాల్లో ఉందని, కన్సోల్‌ను తయారీ ఖర్చు కంటే తక్కువకే అమ్ముతోందని చదివాం. ఒప్పందం ప్రకారం రెండేళ్లపాటు మా గేమ్ వేరే కన్సోల్‌కు ఇవ్వకూడదు. డిస్కులు వాళ్లే తయారు చేస్తారు, కనీస కాపీలకు డబ్బు మేం ముందే కట్టాలి. వ్యాపార కారణాలతో కన్సోల్‌ను ఎప్పుడైనా ఆపేసే హక్కు మాత్రం వాళ్లకుంది. లైసెన్సు లేకుండా మేమే ఆ కన్సోల్‌లో ఆడేలా గేమ్ చేసి అమ్ముకుంటే తప్పా? అసలు నష్టానికి అమ్మడం చట్టవిరుద్ధం కాదా? మధ్యలో వాళ్లు చేతులెత్తేస్తే మా డబ్బు సంగతేంటి?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: మీరు అడిగిన మూడింటికీ మూలం ఒకటే. ఆ కంపెనీ వ్యాపారం ఎలా నడుస్తుందో అర్థమైతే ఒప్పందంలో ఏ వాక్యం ఎందుకు రాశారో తెలిసిపోతుంది. సెట్‌టాప్ బాక్సు చవగ్గా ఇచ్చి నెలనెలా రీఛార్జిలో రాబట్టుకున్నట్టే, కన్సోల్ కంపెనీలు చాలావరకు మెషీన్ మీద లాభం వదులుకుని ప్రతి గేమ్ మీదా రాయల్టీ తీసుకుంటాయి. ఆ రాయల్టీ కట్టేది గేమ్ చేసేవాళ్లు, అంటే మీరు. మెషీన్ మీద పోగొట్టుకున్న డబ్బును మీ దగ్గర రాబట్టుకునే ఏర్పాటు పేరే ఈ లైసెన్సు ఒప్పందం. కంపెనీ ఎంత ఇబ్బందుల్లో ఉంటే ఆ షరతులు అంత బిగుసుకుంటాయి.

నష్టానికి అమ్మడం గురించి ముందు చెప్పేస్తాను, అందులో మీకు పెద్ద ఆశ లేదు. మన కాంపిటీషన్ చట్టం, 2002లోని సెక్షన్ 4 ఖర్చు కంటే తక్కువకు అమ్మి పోటీదారులను తరిమేయడాన్ని తప్పు పడుతుంది. కానీ అది మార్కెట్లో ఆధిపత్యం ఉన్న సంస్థకే వర్తిస్తుంది. వెనకబడిన కంపెనీ నిలదొక్కుకోవడానికి ధర తగ్గిస్తే ఆ సెక్షన్ కిందికి రాదు. అమెరికాలోనూ అంతే. 1993లో బ్రూక్ గ్రూప్ కేసులో అక్కడి సుప్రీంకోర్టు, ఖర్చు కంటే తక్కువకు అమ్మడం ఒక్కటే చాలదని, ఆ నష్టాన్ని తర్వాత రాబట్టుకునే అవకాశం కూడా ఉన్నట్టు చూపాలని చెప్పింది.

ఇక అసలు విషయం. మీ ఒప్పందంలోని షరతులు కొత్తవేం కావు. 1980ల చివర్లో అమెరికాలో నింటెండో అనే జపాన్ కన్సోల్ కంపెనీ, గేమ్ కంపెనీలతో రాయించుకున్నవి దాదాపు ఇవే: గేమ్ రెండేళ్లు ఇంకెవరికీ ఇవ్వకూడదు, ఏడాదికి ఐదు గేమ్‌లే, కార్ట్రిడ్జ్‌లు (అప్పట్లో డిస్కుల బదులు గేమ్ వచ్చే డబ్బాలు) నింటెండోయే తయారు చేస్తుంది, డబ్బు ముందే. అప్పట్లో మార్కెట్ మొత్తం వాళ్ల చేతిలో ఉంది కాబట్టి చెల్లింది. వెనకబడిన కంపెనీ అవే షరతులు అడుగుతోందంటే, కాదని చెప్పే బలం మీకూ కొంత ఉన్నట్టే.

లైసెన్సు లేకుండా గేమ్ చేయడం గురించి అడిగారు. దీనికి అందరూ చెప్పుకునే తీర్పు సెగా వర్సెస్ అకొలేడ్, 1992. అకొలేడ్ కాలిఫోర్నియాలోని గేమ్ కంపెనీ. అప్పటి జపాన్ కన్సోల్ కంపెనీ సెగా దగ్గర లైసెన్సు తీసుకుందామని మొదట మాట్లాడింది, కానీ తన గేమ్‌లన్నీ సెగాయే తయారు చేయాలనే షరతు నచ్చక వెనక్కి తగ్గింది. (మీ రెండో షరతు చదివినప్పుడు నాకు గుర్తొచ్చింది ఇదే.) తర్వాత సెగా వారి జెనెసిస్ కన్సోల్‌ను, మార్కెట్లో కొన్న మూడు గేమ్ కార్ట్రిడ్జ్‌లను విప్పి చూసి, కోడ్‌ను డిస్అసెంబుల్ చేసి (మెషీన్ భాషను మనిషి చదవగలిగే రూపంలోకి మార్చి), కన్సోల్‌కు గేమ్ ఎలా తగులుకుంటుందో తెలుసుకుని సొంత గేమ్‌లు రాసుకుంది. దీన్ని అడ్డుకోవడానికి సెగా కొత్త మోడల్‌లో ఒక తాళం పెట్టింది. గేమ్‌లో ఒకచోట S-E-G-A అనే నాలుగు ఇంగ్లిషు అక్షరాలు కనిపిస్తేనే మెషీన్ నడుస్తుంది, నడిచేముందు తెర మీద ఈ గేమ్ సెగా తయారు చేసింది లేదా సెగా లైసెన్సుతో వచ్చింది అనే వాక్యం కనిపిస్తుంది. ఆ అక్షరాలు పెట్టకపోతే అకొలేడ్ గేమ్ నడవదు, పెడితే ట్రేడ్‌మార్క్ కేసు.

కింది కోర్టులో సెగా గెలిచింది. తొమ్మిదో సర్క్యూట్ అప్పీలు కోర్టు మాత్రం ఆ ఉత్తర్వును కొట్టేసింది. కాపీరైట్ రక్షణ లేని పనితీరు వివరాలు తెలుసుకోవడానికి వేరే దారి లేనప్పుడు, సరైన కారణం ఉన్నప్పుడు డిస్అసెంబుల్ చేయడం ‘ఫెయిర్ యూజ్’ (అనుమతి లేకున్నా చట్టం ఒప్పుకునే న్యాయమైన వాడకం) అంది. తెర మీద ఆ తప్పుడు వాక్యం కనిపించడానికి ప్రధాన బాధ్యత సెగాదేనని కూడా చెప్పింది. కన్సోల్ కంపెనీ వ్యాపార వ్యూహాన్ని కాపాడటం కాపీరైట్ చట్టం పని కాదని ఈ తీర్పు సారాంశంగా నేను చదువుకుంటాను.

అదే ఏడాది అటారి గేమ్స్ వర్సెస్ నింటెండో కేసు ఇంకో దారి పట్టింది. అటారి గేమ్స్ అనే గేమ్ కంపెనీ కూడా నింటెండో కన్సోల్ తాళం చిప్‌ను విప్పాలనే చూసింది, కానీ ఆ చిప్ ప్రోగ్రామ్ కాపీని అమెరికా కాపీరైట్ కార్యాలయం నుంచి అబద్ధం చెప్పి తెచ్చుకుంది. చేతికొచ్చిన కాపీ సక్రమంగా రాలేదు కాబట్టి ఫెయిర్ యూజ్ వాదన కోర్టులో నిలబడలేదు. మీకు ఈ తేడా చాలా ముఖ్యం. ఒప్పందం చర్చల్లో భాగంగా ఆ కంపెనీ మీకు డెవలప్‌మెంట్ కిట్ (గేమ్ తయారీకి ఇచ్చే ప్రత్యేక మెషీన్, సాఫ్ట్‌వేర్), రహస్య పత్రాలు ఇప్పటికే పంపి ఉంటే, గోప్యత ఒప్పందం మీద మీరు సంతకం పెట్టి ఉంటే, వాటిని చూసి చేసిన పనికి అకొలేడ్ తీర్పు అడ్డం పెట్టుకోలేరు. ముందు ఆ ఈమెయిల్స్ వెతికి చూడండి.

మన దేశంలో కాపీరైట్ చట్టం, 1957లో సెక్షన్ 52(1)(ab) ఉంది. చట్టబద్ధంగా తన దగ్గరున్న ప్రోగ్రామ్‌తో తాను స్వతంత్రంగా రాసిన ప్రోగ్రామ్ కలిసి పనిచేయడానికి కావలసిన సమాచారం మామూలుగా దొరకనప్పుడు, దాన్ని రాబట్టుకోవడం ఉల్లంఘన కాదని అది చెబుతుంది. కోర్టుల చేత చెప్పించుకోనక్కర్లేకుండా చట్టంలోనే రాసి ఉండటం మంచిదే. తాళం సంగతికొస్తే 2012లో చేర్చిన సెక్షన్ 65A ఉంది. కాపీరైట్ ఉల్లంఘించే ఉద్దేశంతో సాంకేతిక రక్షణను ఛేదిస్తే రెండేళ్ల దాకా జైలు, జరిమానా. ఆ ఉద్దేశం లేదని చెప్పుకునే వీలు ఇక్కడ ఉంది. కానీ మీ గేమ్ కొనేవాళ్లు ఎక్కువమంది అమెరికాలో ఉంటారు కదా, అక్కడ 1998లో వచ్చిన డీఎంసీఏ అనే కాపీరైట్ చట్టం తాళాల విషయంలో ఇంతకంటే కఠినం. మినహాయింపు ఉన్నా దాన్ని నిరూపించుకునే ఖర్చు మీ నలుగురి స్టూడియో భరించలేదు. అందుకే నా సలహా, చట్టంలో దారి ఉన్నా ఆ దారిన వెళ్లొద్దు. అప్పీలు గెలిచిన అకొలేడ్ కూడా చివరికి 1993లో సెగాతో రాజీపడి అధికారిక లైసెన్సు తీసుకుంది. ఆ తీర్పు దానికి పనికొచ్చింది బేరం దగ్గరే.

మీరూ బేరమే ఆడాలి. దానికి సెగా తర్వాతి కథ తెలిసి ఉండటం మంచిది, ఎందుకంటే మీ మూడో భయం అక్షరాలా అక్కడ జరిగింది. 1995 మే నెలలో సెగా తన శాటర్న్ కన్సోల్‌ను అమెరికాలో ముందు చెప్పిన తేదీ కంటే కొన్ని నెలల ముందే, 399 డాలర్లకు, కొన్ని షాపులకే ఇచ్చి హఠాత్తుగా విడుదల చేసింది. కన్సోల్ దక్కని కేబీ టాయ్స్ లాంటి షాపులవాళ్లు కోపంతో సెగా సరుకే మానేశారు. గేమ్ కంపెనీల గేమ్‌లు అప్పటికి సిద్ధంగా లేవు. సెగా ఈ విడుదల ప్రకటించిన ఈ3 అనే గేమ్‌ల ప్రదర్శనలోనే సోనీ తన ప్లేస్టేషన్ ధర 299 డాలర్లని ప్రకటించింది. తర్వాత వచ్చిన డ్రీమ్‌కాస్ట్‌కు 1999 సెప్టెంబర్ 9న అమెరికాలో మంచి ఆరంభమే దక్కింది, ధర 199 డాలర్లు. కానీ పెద్ద గేమ్ కంపెనీ ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ దానికి గేమ్‌లు ఇవ్వలేదు. సోనీ ప్లేస్టేషన్ 2 వస్తోందని జనం ఆగారు. సెగా ధరను 149కి తగ్గించింది. దీనికి తోడు కాపీలు రాకుండా పెట్టుకున్న ప్రత్యేక డిస్కు తాళం, మ్యూజిక్ సీడీల కోసం ఉంచిన ఇంకో సదుపాయం గుండా తెరుచుకుపోయి మామూలు సీడీల మీద గేమ్‌లు చలామణీ అయ్యాయి. మెషీన్ మీద నష్టపోయి గేమ్‌ల మీద రాబట్టుకోవాలనుకునే కంపెనీకి ఇంతకు మించిన దెబ్బ ఏముంటుంది?

2001 జనవరి 31న సెగా ఇక కన్సోల్‌లు చేయబోమని, ఆ మార్చి ఆఖరుతో డ్రీమ్‌కాస్ట్ తయారీ ఆపేస్తామని ప్రకటించింది. రెండు నెలల వ్యవధి. అప్పటికి ఆ కన్సోల్ కోసం గేమ్ సగం రాసుకున్న వాళ్ల పరిస్థితి ఊహించుకోండి. సెగా కంపెనీ మాత్రం బతికింది. దాని ఛైర్మన్ ఇసావో ఒకావా తన సొంత షేర్లు, సుమారు 69.5 కోట్ల డాలర్ల విలువైనవి, కంపెనీకి ఇచ్చేశారు. ఆ మార్చిలోనే ఆయన చనిపోయారు. సెగా ఆ తర్వాత తన గేమ్‌లను నిన్నటి పోటీదారుల కన్సోల్‌లకే అమ్మడం మొదలుపెట్టింది, అదే ఏడాది డిసెంబర్‌కల్లా సెగా గేమ్‌ల హీరో సోనిక్ నింటెండో మెషీన్ మీద కనిపించాడు. అంటే వ్యూహం మార్చుకునే స్వేచ్ఛ సెగాకు ఉంది. మీకు వచ్చిన ఒప్పందం అదే స్వేచ్ఛను ఆ కంపెనీకి ఉంచి, మిమ్మల్ని రెండేళ్లు కట్టేస్తోంది. నా అభ్యంతరమల్లా ఈ ఒక్కచోటే.

ఈ రెండేళ్ల షరతు మన కాంట్రాక్టు చట్టం, 1872లోని సెక్షన్ 27 కింద చెల్లదని మీకు ఎవరైనా చెప్పి ఉండొచ్చు. అంత సులువు కాదు. ఒప్పందం నడిచే కాలంలో ఇంకొకరితో వ్యాపారం చేయనని రాసిచ్చే షరతును మామూలుగా వ్యాపార నిరోధంగా చూడరని గుజరాత్ బాట్లింగ్ వర్సెస్ కోకాకోలా కేసులో సుప్రీంకోర్టు 1995లో చెప్పింది. పైగా మీ ఒప్పందానికి విదేశీ చట్టం వర్తిస్తుందని రాసి ఉంటే సెక్షన్ 27 దాకా వెళ్లే అవకాశమే తక్కువ. కాబట్టి కోర్టు కొట్టేస్తుందని నమ్ముకుని సంతకం పెట్టకండి, కాగితం మీదే మార్పించుకోండి. కన్సోల్ తయారీ ఆపుతున్నట్టు కంపెనీ ప్రకటించిన రోజునే, లేదా అమ్మకాలు మీరిద్దరూ ఒప్పుకున్న సంఖ్య కంటే పడిపోయిన రోజునే ఈ షరతు దానంతటదే రద్దవ్వాలి. రెండేళ్లు ఏ రోజు నుంచి లెక్కో కూడా రాయించండి. సంతకం తేదీ నుంచా, గేమ్ విడుదల నుంచా? మీ గేమ్ ఆలస్యమైతే ఇక్కడే నెలలు పోతాయి.

కాపీరైట్ మీ పేరునే ఉండాలి, వాళ్లకు ఇచ్చేది ఆ ఒక్క కన్సోల్‌కు పరిమితమైన లైసెన్సే. కాలం రాయకపోతే ఐదేళ్లని, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకేనని మన సెక్షన్ 19 చెబుతుంది, సెక్షన్ 30A ద్వారా అది లైసెన్సులకూ వర్తిస్తుంది. కానీ విదేశీ చట్టం కింద రాసుకుంటే ఈ రక్షణ మీద ఆధారపడలేరు, అందుకే రెండూ స్పష్టంగా రాయించడమే మేలు. ‘భవిష్యత్తులో వచ్చే అన్ని ప్లాట్‌ఫామ్‌లు’ లాంటి మాట ఎక్కడైనా కనిపిస్తే కొట్టేయించండి. అలాంటి మాట ఉంటే, రేపు ఆ కంపెనీ సెగాలా కన్సోల్ మానేసి గేమ్‌ల వ్యాపారంలోకి దిగినప్పుడు మీ గేమ్‌నే పోటీ కన్సోల్‌కు అమ్ముతుంది.

డబ్బు విషయంలో నేను ఇంకా గట్టిగా ఉంటాను. కనీస కాపీల డబ్బు ఒకేసారి కట్టొద్దు. తయారీకి ముందు కొంత, డిస్కులు షాపులకు చేరాక మిగతాది అని విడదీయండి. తయారుకాని కాపీల డబ్బు ఇన్ని రోజుల్లో తిరిగివ్వాలని రాయించండి, వీలైతే ఆ మొత్తాన్ని ఎస్క్రో ఖాతాలో (షరతు తీరేదాకా మూడో పక్షం దగ్గర ఉండే ఖాతా) ఉంచమనండి. ఎందుకంటే కంపెనీ దివాలా తీస్తే మీరు తనఖా లేని రుణదాతల వరసలో, ఆ దేశపు కోర్టులో, ఆఖరున నిలబడతారు. బ్యాంకులు తీసుకోగా మిగిలిందే మీకు. ఒకావా లాంటి ఛైర్మన్ ప్రతి కంపెనీకీ దొరకడు. డౌన్‌లోడ్ అమ్మకాల రాయల్టీ మూడు నెలలకోసారి కాకుండా నెలనెలా అడగండి. స్టోర్ మూసేస్తే కొన్న ఆటగాళ్లకు రీఫండు బాధ్యత వాళ్లదేనని ఒక వాక్యం చేర్చండి. విదేశానికి డబ్బు పంపేటప్పుడు బ్యాంకు నిబంధనలు, టీడీఎస్ ఉంటాయి, అవి మీ సీఏతో మాట్లాడుకోండి.

వివాదం వస్తే ఎక్కడ తేల్చుకోవాలనేది చాలామంది చివరి పేజీ కదా అని చదవరు. వాళ్ల ఊరి కోర్టు అని ఉంటే పైన చెప్పిన హక్కులన్నీ విమానం టికెట్ల దగ్గరే ఆగిపోతాయి. హైదరాబాద్‌లో అంతర్జాతీయ ఆర్బిట్రేషన్ (కోర్టు బయట మధ్యవర్తి ద్వారా తేల్చుకోవడం) కేంద్రం 2021 నుంచి ఉంది, అడిగి చూడండి, ఒప్పుకోకపోవచ్చు. సింగపూర్ ఆర్బిట్రేషన్, విచారణ ఆన్‌లైన్‌లో అంటే చాలా కంపెనీలు ఒప్పుకుంటాయి. ఈ మార్పులన్నీ ఫోన్‌లో కాకుండా ఒప్పందం డ్రాఫ్టులోనే ఎర్ర అక్షరాలతో పంపండి. అన్నిటికీ ఒప్పుకోరు. ముందస్తు డబ్బు తగ్గించం, తయారీ ఆపినా రెండేళ్ల షరతు వదలం అన్నారంటే మాత్రం ఆ గేమ్‌ను పీసీకి విడుదల చేసుకోండి, అక్కడ ఎవరి లైసెన్సూ అక్కర్లేదు.