మనవరాలికి, సమాధుల దోవ సంగతై

అమ్మలూ,

మీ అమ్మ ఫోన్ చేసింది. నీ సంఘమున్న ఊళ్ళో సమాధుల దోవకి ఎవరో ముళ్ళకంచె వేశారట. సోమవారం గ్రీవెన్సుకి పల్లెనంతా వెంటబెట్టుకుని కలెక్టరాఫీసుకి వెళ్తున్నావట. ఆ వెంటనే రెండు పక్షాల్నీ గుళ్ళో కూచోబెట్టి శాంతి సభ పెడతావట. చెబుతూ ఏడ్చింది. నేను ఏడవలేదు గానీ రాత్రంతా నిద్ర పట్టలేదు. సగం భయం. మిగతా సగం, నేను తొడిగి విప్పేసిన పాస్టరు తెల్లంగీని నా మనవరాలు తొడుక్కుందన్న పొంగు.

నిన్ను ఏమని పిలుస్తున్నారే అక్కడ? మా కాలంలో పాస్టరు అయ్యగారు, ఆయన భార్య అమ్మగారు. 2013లో పుష్పలలిత గారు సి.ఎస్.ఐ., అదే దక్షిణ ఇండియా సంఘంలో తొలి మహిళా బిషప్పుగా నంద్యాలకి వచ్చినప్పుడు మా సంఘపెద్ద ఒకాయన తెగ దిగులుపడ్డాడు, 'ఇక ఆడ పాస్టర్లొస్తే వాళ్ళ మొగుళ్ళని ఏమనాలండీ' అని. నవ్వుకో. తర్వాత నవ్వే సంగతులు లేవు.

అర్జీ రెండు కాపీలు తీసుకెళ్ళు, రసీదు లేకుండా కదలకు. సర్వే నంబరు రాయి. పాతకాలం నుంచి ఆ దోవన శవాలు మోసిన ముసలివాళ్ళని ముందు నిలబెట్టు. చీకటిపడ్డాక ఆ స్కూటీ మీద ఒంటరిగా తిరగొద్దు. తిన్నావా లేదా అని అడిగేవాళ్ళు లేరు కాబట్టి నువ్వే అడుక్కో.

అర్జీ సంఘం లెటర్‌హెడ్ మీద రాశావని విన్నాను. చించెయ్. కోపం తెచ్చుకోకు, చెప్పేది విను. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వులో మూడో పేరా నీకు తెలుసు, హిందువులకి తప్ప ఎస్సీ హోదా లేదంది. 1956లో సిక్కులకి, 1990లో బౌద్ధులకి ఆ తలుపు తీశారు, మనకి తీయలేదు. బాప్తిస్మం రాయించుకున్న ఎస్సీ మన రాష్ట్రంలో ఎస్సీ కాదు, బీసీ-సి. 2025లో మన హైకోర్టు ఒక పాస్టరు పెట్టిన ఎస్సీ, ఎస్టీ అట్రాసిటీ కేసు కొట్టేసింది. క్రైస్తవంలోకి మారి దాన్నే ఆచరిస్తుంటే, ఎస్సీ సర్టిఫికెట్ చేతిలో ఉన్నా ఆ చట్టం వర్తించదంది. ఇప్పుడు నువ్వు తెల్లంగీతో, బైబిలుతో ముందు నడిచి, వెనక పల్లె అంతా వస్తుంటే, కంచె వేసినవాడి వకీలుకి అంతకన్నా మంచి ఫొటో దొరకదు. దోవ హక్కుకి కులంతో పని లేదు. కానీ రేపు ఎవరిమీదన్నా చెయ్యిపడితే ఆ చట్టం కావాలి. 'విశ్వాసం దాచుకోమంటావా తాతయ్యా' అంటావు. నేననను. మనవాళ్ళు ఆదివారం ఒక పేరుతో, బడి రిజిస్టరులో ఇంకో పేరుతో ఎందుకు బతుకుతున్నారో, పోయేది ఎవరిదో వాళ్ళే కూచుని తేల్చుకోనీ. సంతకాలు వాళ్ళవి. నువ్వు నాలుగో వరసలో నడువు.

ఇక శాంతి సభ. ఈ ఉత్తరం దానికోసమే.

1983. నాకు ముప్పై నాలుగేళ్ళు. ఆ ఊరి పేరెందుకులే. మన కుర్రాడొకడు, పందొమ్మిదేళ్ళవాడు, ఒక ఆసామి ఇంటి ముందు సైకిలు దిగలేదు. కుడిచెయ్యి రెండుచోట్ల విరగ్గొట్టారు. వాళ్ళమ్మ అర్ధరాత్రి మా గుమ్మంలో కూలబడింది. తెల్లారి నేనే స్టేషనుకి తీసుకెళ్ళాను. అంతవరకూ బాగానే ఉంది.

మూడోరోజు ఊళ్ళో పెద్దమనిషి ఒకాయన మా ఇంటికొచ్చాడు. అమ్మలూ, ఆయన నా మంచం మీద కూచుని, మీ నానమ్మ ఇచ్చిన మంచినీళ్ళు తాగాడు. మా నాన్న బతికుండగా అలాంటిది చూడలేదు. గ్లాసు ఖాళీ అయ్యేలోపు నేను కరిగిపోయాను. 'అయ్యగారూ, పిల్లలు తొందరపడ్డారు. మీరు శాంతి బోధించేవారు. మీ గుడి రేకులు కురుస్తున్నాయంట కదా, శ్లాబుకి సిమెంటూ ఇనుమూ మేం చూసుకుంటాం' అన్నాడు. ప్రార్థించాను. దేవుడు ఒప్పుకున్నాడనే అనుకున్నాను. శ్లాబు కావాలనుకునేవాడికి దేవుడు తొందరగానే ఒప్పుకుంటాడు.

ఆదివారం 'సమాధానపరచువారు ధన్యులు' మీద గంటసేపు చెప్పాను. మన బైబిల్లో సమాధానమంటే శాంతే కదా. నా జీవితంలో అంత బాగా ఎప్పుడూ చెప్పలేదు. ప్రసంగం అయ్యాక కొట్టినవాణ్ణి పిలిచి, కుర్రాడితో చేతులు కలిపించాను. కుడిచేతికి కట్టుంది కదా, వాడు ఎడంచెయ్యి చాపాడు. ఆ తల్లితో, 'సిలువ మీద ప్రభువు క్షమించలేదా' అన్నాను. కాయితం మీద వేలిముద్ర వేసింది. చప్పట్లు కొట్టాం.

శ్లాబు రెండు నెలల్లో పడింది. కుర్రాడు ఈలోపే హైదరాబాదు వెళ్ళిపోయాడు, మళ్ళీ రాలేదు. ఆ తల్లి మాత్రం ప్రతి ఆదివారం వచ్చి వెనక గోడకి ఆనుకుని కూచునేది. పాటలు పాడేది, కానుక వేసేది. ప్రభువు బల్లకి, ఆ రొట్టెకీ ద్రాక్షరసానికీ, మాత్రం వచ్చేది కాదు. ఏడాది చూసి, ఒకరోజు గుమ్మంలో ఆపి అడిగాను. ఆమె నా మొహం చూడకుండా, పైన శ్లాబు చూస్తూ అంది:

'అయ్యగారూ, ఆరోజు సమాధానం, సమాధానం అన్నారు. మావాడి చెయ్యి ఎందుకిరిగిందో ఒక్కళ్ళన్నా సమాధానం చెప్పారా?'

ఇంటికెళ్ళి యిర్మీయా ఆరో అధ్యాయం తీశాను. సమాధానం లేనప్పుడు సమాధానం ఉందని చెప్పి, గాయాన్ని పైపైన బాగుచేసేవాళ్ళ గురించి అక్కడుంది. సెమినరీలో దానిమీద పరీక్ష రాసినవాణ్ణి నేను. మార్కులు కూడా బాగానే వచ్చాయి.

తర్వాతి ఏడే, 1985 జూలైలో, కారంచేడు. మంచినీళ్ళ చెరువు దగ్గర అడ్డుచెప్పిన కుర్రాణ్ణి కొడుతుంటే, నీళ్ళకొచ్చిన మున్నంగి సువార్త బిందె ఎత్తింది. మర్నాడు 17న ఊరి ఆసాములు మాదిగపల్లె మీద పడ్డారు, ఆరుగురు పోయారు. సువార్త అన్న మాట అప్పటికి నేను వేలసార్లు పలికి ఉంటాను. ఒక బియ్యం మూట, బైబిలు పట్టుకుని, పారిపోయి వచ్చినవాళ్ళు తలదాచుకున్న చీరాల శిబిరానికి వెళ్ళాను. నాలుగు మాటలు చెబుదామని గొంతు సవరించుకుంటుంటే, ఎవరో ఒకామె నా చేతిలో కత్తిపీట పెట్టి ఉల్లిపాయల గంప ముందుకి తోసింది. మూడురోజులు అదే పని. కళ్ళు తుడుచుకుంటే ఎవరూ ఎందుకని అడగలేదు. ఆ కేసులో సుప్రీంకోర్టు తీర్పు 2008 డిసెంబరులో వచ్చింది. 23 ఏళ్ళు. నువ్వేమో ఒక సోమవారంతో పని అయిపోద్దనుకుంటున్నావు.

అందుకని, కంచె పీకకముందు సభ పెట్టొద్దు. పెట్టినా, వేసినవాడు ఎందుకు వేశాడో లేచి చెప్పేదాకా నువ్వు పాట ఎత్తొద్దు. క్షమించమన్న మాట నీ నోట రాకూడదు, అది దెబ్బతిన్నవాళ్ళ సొమ్ము. వాళ్ళిచ్చే సిమెంటు, ఫ్యాను, మైకు సెట్టు ఏదీ గుళ్ళోకి రానీయకు. ఎవరన్నా మీ ఇంటికొచ్చి మంచినీళ్ళు అడిగితే ఇవ్వు. కరిగిపోకు. ప్రభుత్వం పాస్టర్లకిచ్చే నెల 5000 తీసుకుంటావో లేదో నీ ఇష్టం. అది తీసుకుని ఎన్నికలప్పుడు వేదికెక్కావంటే మాత్రం నా దగ్గరికి రాకు.

ఇంకోటి మరిచాను. దోవ తెరిచాక లోపలికి వెళ్ళి చూడు. మాల సమాధులకీ మాదిగ సమాధులకీ మధ్య గట్టు ఉందేమో. అదుంటే అది ఊళ్ళోవాళ్ళు వేసింది కాదు.

బల్ల ఇచ్చే ఆదివారం ఎవరు రాలేదో లెక్కపెట్టు. నాలాగా ఏడాది ఆగకు, మర్నాడే వాళ్ళింటికి వెళ్ళు.

నేను శనివారం బస్సుకి వస్తున్నాను. మీ అమ్మకి చెప్పొద్దు, మోకాళ్ళ సంగతి ఎత్తి ఆపేస్తుంది. కలెక్టరాఫీసుకి రాను, ఎండకి ఆగలేను. సోమవారం అర్జీకి వెళ్ళొచ్చేవాళ్ళందరికీ అన్నం వండాలి కదా. కత్తిపీట ఉందా మీ ఇంట్లో, నేనే తెచ్చుకోవాలా?

మీ తాతయ్య