డీపీఎఫ్ కోయించకు అల్లుడూ

అల్లుడూ,

డీసీఎం (సరుకులు మోసే చిన్న లారీ) కొన్నావని అక్క చెప్పింది. 2021 మోడల్, బీఎస్-6 (కొత్త పొగ నిబంధనల) బండి. బేరం బాగానే కుదిరింది. కానీ సైలెన్సర్‌లో డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే జల్లెడ) కోసి పారేస్తే డ్యాష్‌బోర్డు మీద వెలిగే దాని లైటు గొడవ వదులుతుందని ఆటోనగర్‌లో ఎవరో మెకానిక్ అన్నాడట. ఆ పని మాత్రం చేయించకు.

ఆ లైటు వెలిగేది బండి చెడిపోయి కాదు. నువ్వు పొద్దంతా హైదరాబాద్ బేగంబజార్, ఉస్మాన్‌గంజ్‌లలో ఫస్టు, సెకండు గేర్లలోనే తిరుగుతున్నావు. పొగలోని మసి ఆ జల్లెడలో పేరుకుంటుంది. అది కాలిపోవాలంటే సైలెన్సర్ బాగా వేడెక్కాలి, ఆ ట్రాఫిక్‌లో ఎక్కడ వేడెక్కుతుంది? వారానికోసారి, ఖాళీ బండైనా సరే, పెద్ద అంబర్‌పేటలో ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి శంషాబాద్ దాకా ఒకే వేగంతో పోనియ్యి. మధ్యలో చాయ్‌కి ఆగకు. (నీ సంగతి నాకు తెలుసు.) అప్పటికీ లైటు ఆరకపోతే సర్వీసు సెంటర్‌కు పో.

పొగను శుద్ధి చేయడానికి వేరే ట్యాంకులో పోసే డీఈఎఫ్ ద్రవం విషయంలో కూడా చిల్లర తెలివి వద్దు. అది 32.5 శాతం యూరియా, మిగతాది ఖనిజాలు తీసేసిన నీళ్లు. పొలం యూరియాను బోరు నీళ్లలో కలిపి పోస్తే పొగను శుద్ధి చేసే లోపలి క్యాటలిస్టు పాడవుతుంది. దాని ఖరీదు వింటే డీఈఎఫ్ చవకనిపిస్తుంది.

ఇక పొల్యూషన్ సర్టిఫికెట్. నా పాత లారీకి పొగ పరీక్ష చేసే ఓ వ్యాన్‌వాడు సైలెన్సర్‌లో మిషన్ పైపు పెట్టకుండానే కాగితం చేతిలో పెట్టాడు, నేనూ సంబరపడ్డాను. ఆ బండ్లకు పొగ హద్దు 65 హార్ట్‌రిడ్జ్ యూనిట్లు (పొగ నలుపును కొలిచే అంకె). నాది ఎంత చూపేదో దేవుడికెరుక, వెనకాల వచ్చేవాళ్లు మాత్రం కిటికీలు ఎత్తుకునేవాళ్లు. చివరికి తేలిందేమిటంటే ఇంజన్‌లోకి డీజిల్ చిమ్మే నాజిళ్లు కారుతున్నాయి. కాలని డీజిల్ ఇంజనాయిల్‌లో కలిసి ఇంజన్ సిలిండర్ల బోరు అరిగిపోయింది. మూడు వారాలు షెడ్డులోనే బండి, గిరాకీ అంతా పక్కవాడికి. పైపు పెట్టి చూసుంటే ఆ అంకె ముందే చెప్పేది.

అందుకే పైపు పెట్టించి, అచ్చయిన అంకె నువ్వే చదువుకో. ఎయిర్ ఫిల్టర్ ముందే చూసుకో. చల్లటి ఇంజన్‌తో పోవద్దు, పావుగంటైనా నడిపి తీసుకుపో. నీ బండికి ఏడాదికోసారి చాలు. గడువు దాటి పట్టుబడితే జరిమానా 10,000 దాకా ఉంటుంది.

ఫిట్‌నెస్ ఎనిమిదేళ్ల దాకా రెండేళ్లకోసారి, తర్వాత ఏటా. నీది ఎప్పుడుందో ఆర్సీ చూసి చెప్పు. ఆ ముందురోజు బండి ఇంటికి తీసుకురా, కింద దూరి ఓసారి చూస్తాను.

మీ మామ