పుష్కరాల దారిలో 86 వరదకి వెళ్లొచ్చా? టైమ్ ట్రావెల్ స్క్రిప్టులో లొసుగులు పట్టడం గురించి

మీ సిరీస్ కథ ఇదీ: 2015 గోదావరి పుష్కరాల్లో కోటిపల్లి రేవులో మునిగిన కుర్రాడు 1986 వరదలో తేలతాడు. ఆ దారి పుష్కరాలప్పుడే తెరుచుకుంటుంది. వరదలో కొట్టుకుపోయిన తాతని కాపాడి తిరిగొస్తాడు. కంటిన్యుటీ తప్పులు (ఒక సీనుకీ ఇంకో సీనుకీ పొంతన కుదరకపోవడం), లాజిక్ లొసుగులు షూటింగ్‌కి ముందే పట్టుకోవడం ఎలా అని అడిగారు.

మొదటి లొసుగు మీరు పెట్టుకున్న నియమంలోనే ఉందండి. గోదావరి పుష్కరాలు 1979, 1991, 2003, 2015లో వచ్చాయి. 1986 వీటిలో లేదు. ఈ నియమం ఉండాలంటే కుర్రాడు 1979లో తేలాలి, వరద కోసం ఏడేళ్లు ఆగాలి, తిరిగి రావడానికి 1991 దాకా కాచుకోవాలి. పన్నెండేళ్లు పెద్దవాడై ఇంటికొస్తాడు. అది వేరే కథ.

దారిని పుష్కరాలకి కాకుండా వరదకే కట్టండి. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర ప్రవాహం 17 లక్షల క్యూసెక్కులకి చేరితే మూడో ప్రమాద హెచ్చరిక ఇస్తారు. ఆ హెచ్చరిక ఉన్నంతసేపే దారి ఉంటుందని నియమం పెట్టండి. 1986 ఆగస్టులో ప్రవాహం 35 లక్షలు దాటింది, 2022 జులైలో 25 లక్షలు దాటింది. అంటే కుర్రాడు 2022 నుంచి బయల్దేరాలి. అక్కడ గంట గడిస్తే ఇక్కడా గంట గడుస్తుంది, రెండు వరదల్లో ఏది ముందు తగ్గితే అప్పుడు దారి మూసుకుంటుంది అని రెండో నియమం. ఇలాంటి సిరీస్‌లన్నిటినీ ముంచే ప్రశ్న ఒకటుంది: పని చెడితే ఇంకోసారి వెళ్లి సరిచేయొచ్చుగా? దానికి జవాబు నియమంలోనే వచ్చేసింది, వరద తీసేసింది కాబట్టి వెళ్లలేడు. అయితే 2006లోనూ, 2020లోనూ మూడో హెచ్చరిక ఇచ్చారు. ఆ ఏళ్లలో దారి ఎవరు వాడారు, ఎవరూ వాడకపోతే ఎందుకని అన్నదానికి మీ దగ్గర రాతపూర్వకంగా జవాబుండాలి. తెర మీద చెప్పక్కర్లేదు.

ఇక తాత విషయం. తాత బతికితే మనవడికి వెనక్కి వెళ్లాల్సిన పనే ఉండదు, వెళ్లకపోతే తాత బతకడు. ఈ ముడి నుంచి బయటపడటానికి నాకు నమ్మకమున్న పద్ధతి ఒక్కటే: జరిగింది మారదు, జరిగిందని జనం అనుకున్నది మాత్రం తప్పు కావచ్చు. మొదటి ఎపిసోడ్‌లో నానమ్మ చేత ‘శవం దొరకలేదు’ అనిపించండి. ‘శవం చూశాను’ అనిపిస్తే తలుపు మీరే మూసేసుకున్నట్టు. వరదలో కొట్టుకుపోయినవాళ్లు దొరక్కపోవడం ఉన్నదే కాబట్టి ఆ మాట మీద ఎవరికీ అనుమానం రాదు. కానీ బతికిన తాత 36 ఏళ్లు ఇంటికెందుకు రాలేదన్నది మీరు గట్టిగా రాసుకోవాలి. ప్రేక్షకుడు సెట్‌లో చిన్న చిన్న తప్పులు క్షమిస్తాడు గానీ దీన్ని వదలడు.

కంటిన్యుటీ షీటులో సీన్ నంబరు, కాస్ట్యూమ్ రాసుకుంటే ఇలాంటి కథకి చాలదు. ప్రతి సీనుకీ రెండు గడియారాలు రాయాలి: కథలో ఆ రోజు తేదీ, గంట ఒకటి, బయల్దేరినప్పటి నుంచి ఆ పాత్రకి గడిచిన గంటలు రెండోది. గడ్డం, గాయం, బట్టల తడి, ఆకలి అన్నీ రెండో గడియారం ప్రకారమే నడుస్తాయి. ఫోను కూడా అంతే. సిగ్నల్ లేనప్పుడు ఫోను తన లోపలి గడియారంతోనే నడుస్తుంది కాబట్టి 1986లో తీసి చూసినా తెర మీద జులై 2022 తేదీయే ఉండాలి, మూలన ‘నో సర్వీస్’ ఉండాలి. క్లోజప్ తీసిన ప్రతిసారీ బ్యాటరీ శాతం షీటులో రాయండి. ఎపిసోడ్లు వరుసగా తీయరు కాబట్టి 40 శాతం తర్వాత 62 కనిపించడం మామూలుగా జరిగే తప్పు. పక్కన ఇంకో గడి పెట్టి ఆ సీను నాటికి ఎవరికి ఏం తెలుసో కూడా రాయండి. ఇంకా వినని సంగతి పాత్ర నోట రావడం అక్కడే దొరుకుతుంది.

చేతులు మారే వస్తువులతో జాగ్రత్త. తాత ఇచ్చిన ఉత్తరాన్ని మనవడు 2022 నుంచి తీసుకెళ్లి మళ్లీ అదే తాతకిస్తే ఆ కాగితం ఎక్కడ పుట్టినట్టు? పైగా చుట్టు తిరిగిన ప్రతిసారీ 36 ఏళ్లు పాతబడుతుంది, కొన్ని చుట్లకే పొడైపోవాలి. తాత దాన్ని చూసి కొత్త కాగితం మీద తిరిగి రాసుకున్నట్టు ఒక షాట్ పెడితే కాగితం సమస్య తీరుతుంది. మాటలు ఎవరివన్నది మిగులుతుంది, దాన్ని కావాలని వదిలేయొచ్చు.

ఊరి వివరాల్లో మనవాళ్లు పట్టేవి కొన్ని. 1986 వరద నాటి ఆగస్టు 16 శనివారం. ముందురోజు శుక్రవారం వరలక్ష్మీ వ్రతం, స్వాతంత్ర్య దినోత్సవం కలిసొచ్చాయి, గుమ్మాలకి తోరణాలు ఉండాల్సిందే. 2022 వరద మాత్రం ఆషాఢంలో వచ్చింది, అక్కడ పెళ్లింటి సీను పెడితే ఎవరూ ఒప్పుకోరు. 500 నోటు 1987లో వచ్చింది కాబట్టి 1986లో కుర్రాడి జేబులో డబ్బు ఎందుకూ పనికిరాదు. బండి నంబర్లలో ‘ఏపీ 5’ 1989 తర్వాతది, ‘ఏపీ 39’ 2019 తర్వాతది. 1986 రాజమండ్రి షాటులో ఆర్చి వంతెన కనిపించకూడదు, రైళ్లు అప్పుడు హేవలాక్ వంతెన మీద, 1974లో వచ్చిన రోడ్డు కమ్ రైలు వంతెన మీద నడిచేవి. పెద్దవాళ్లని కుర్రాడు ‘అంకుల్’ అంటే వాళ్లు వింతగా చూడాలి. ‘బాబాయిగారండి’ అనడం రెండో రోజుకైనా నేర్చుకోవాలి.

ఒకే ఇల్లు రెండు కాలాలకీ వాడితే పెరటి కొబ్బరిచెట్లు పట్టిచ్చేస్తాయి. 1996 నవంబరు 6 తుపానుకి కోనసీమలో కొబ్బరితోటలు నేలకొరిగాయి. 1986 ఫ్రేములో ముదురు చెట్లుండాలి, 2022లో చాలావరకు ఆ తుపాను తర్వాత వేసినవి. గోడ మీద 86 వరద నీటి గీత ఇప్పటి సీన్లలో ఉండాలి, వరద రాకముందు సీన్లలో అస్సలు ఉండకూడదు.

అన్నిటికన్నా పెద్దది ప్రయాణం. కుర్రాడు ఆ రాత్రే కాకినాడ నుంచి అమలాపురం చేరతాడని రాశారు. యానాం–ఎదుర్లంక వంతెన 2002లో వచ్చింది, అంతకుముందు గోదావరి గౌతమి పాయ మీద పంటు (మనుషుల్ని, బండ్లని నది దాటించే పెద్ద పడవ) ఒక్కటే దిక్కు. అంత వరదలో పంటు తిరగదు. రావులపాలెం మీదుగా తిప్పితే రోడ్డు ఎక్కడ మునిగిందో తేల్చుకోవాలి. దారి తెరుచుకునేది కోటిపల్లి రేవులో కాబట్టి, అవతల ముక్తేశ్వరం ఒడ్డున తేలేటట్టు మార్చేస్తే నది దాటాల్సిన పనే ఉండదు.

స్క్రిప్టు అయ్యాక ప్రతి సీనునీ ఒక చీటీ మీద రాసి నేల మీద మూడుసార్లు పేర్చండి: ఎపిసోడ్ల వరుసలో ఒకసారి, తేదీల వరుసలో ఒకసారి, కుర్రాడికి గడిచిన గంటల వరుసలో ఇంకోసారి. మూడోసారి పేర్చినప్పుడు ఎక్కువ తప్పులు దొరుకుతాయి, ముఖ్యంగా నిద్రే పోని మనిషి. ఆ పని కథ రాసినవాళ్లకి ఇవ్వకండి, స్క్రిప్టు చదవని అసిస్టెంటుకి ఇవ్వండి.