టెక్ సందేహాలు: మెట్లు మీ ముందు, గొంతు ట్యాబ్‌లో

ఈసారి వచ్చిన మెయిళ్లలో నాలుగు ఒకే వస్తువు గురించి: ట్యాబ్‌కో కంప్యూటర్‌కో కలిపి వాయించే మిడి కీబోర్డు. అందుకే మొబైల్ స్టోరేజీ, వైఫై గొడవలు వచ్చేవారానికి వాయిదా వేశాను.

ప్రశ్న: మా అబ్బాయికి 25 మెట్ల చిన్న మిడి కీబోర్డు ఆన్‌లైన్‌లో కొన్నాను. ఇంట్లో ఉన్న ఆండ్రాయిడ్ ట్యాబ్‌కి కలిపితే లైట్లు వెలుగుతున్నాయి గానీ చప్పుడు రావట్లేదు. పీసు పాడైందా? వాపసు పంపడానికి ఇంకా రెండు రోజులే టైముంది. - తణుకు నుంచి ఒక తండ్రి

జవాబు: రేపటిదాకా ఆగండి. నూటికి తొంభై కేసుల్లో పీసు బాగానే ఉంటుందని నా అనుభవం.

ముందు ఒక సంగతి. ఇలాంటి కీబోర్డులో శబ్దం పుట్టించే సరంజామా ఏదీ ఉండదు. హార్మోనియంలో తిత్తి, రీడ్లు తీసేసి ఒట్టి మెట్లు మాత్రం బల్లమీద పెట్టారనుకోండి, ఇది అదే. మీ అబ్బాయి మెట్టు నొక్కగానే అది ట్యాబ్‌కి ఒక చిన్న కబురు పంపుతుంది: ‘60వ నంబరు మెట్టు నొక్కారు, 92 బలంతో’ అని. నంబరు స్వరాన్ని చెబుతుంది, బలం ఎంత గట్టిగా కొట్టారో చెబుతుంది. బలానికి గరిష్ఠం 127. వేలు తీసేస్తే ఇంకో కబురు. అంతే. దాన్ని పియానోగా వినిపించాలా, వయొలిన్‌గానా అన్నది ట్యాబ్‌లోని యాప్ పని. 1983లో వేర్వేరు కంపెనీల సింథసైజర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి పెట్టుకున్న ఈ కబుర్ల భాష పేరే మిడి. నలభై ఏళ్లు దాటినా ఇంకా అదే నడుస్తోంది. టెక్నాలజీలో ఇంత ఆయుష్షు చాలా అరుదు.

కాబట్టి మొదటి ప్రశ్న, ట్యాబ్‌లో మ్యూజిక్ యాప్ వేశారా? హోం స్క్రీన్ దగ్గరే ఉండి మెట్లు నొక్కితే ఏ ట్యాబ్ అయినా మౌనంగానే ఉంటుంది. ఆండ్రాయిడ్ 6 నుంచి మిడి సదుపాయం ఉంది. ఎఫ్ఎల్ స్టూడియో మొబైల్ లాంటిది కొనుక్కోవచ్చు. ముందు ఉచిత పియానో యాప్‌తో పరీక్షించాలనుకుంటే, దాని వివరాల్లో ‘మిడి కీబోర్డు పనిచేస్తుంది’ అని రాసుందో లేదో చూసి వేసుకోండి. తెరమీది మెట్లకే పరిమితమైన యాప్‌లు బోలెడు. యాప్ సెట్టింగ్స్‌లో మిడి ఇన్‌పుట్ అన్నచోట మీ కీబోర్డు మోడల్ పేరు కనిపించాలి.

పేరే కనిపించకపోతే కేబుల్‌ని అనుమానించండి. నాకూ ఒకసారి ఇదే అయింది. సాయంత్రమంతా యాప్ తీసి యాప్ వేసి చూశాను. లైట్లు వెలుగుతున్నాయి కదా, కేబుల్ మంచిదే అని నా ధీమా. తీరా చూస్తే అది పాత పవర్‌బ్యాంకుతో వచ్చిన కేబుల్. లోపల కరెంటు తీగలే ఉన్నాయి, డేటా తీగలు లేవు. లైట్లకు కరెంటు చాలు, స్వరాలకు డేటా కావాలి. అప్పటినుంచి ఆ కేబుల్‌కి ఎర్ర టేపు చుట్టి ఉంచాను. కీబోర్డు పెట్టెలో వచ్చిన కేబుల్‌నే వాడండి. దాని రెండో కొస మామూలు వెడల్పు యూఎస్‌బీ అయితే ట్యాబ్ వైపు ఓటీజీ అడాప్టరు (ట్యాబ్‌కి యూఎస్‌బీ పరికరాన్ని కలిపే చిన్న ముక్క) పెట్టాలి. కొన్ని కంపెనీలు సెట్టింగ్స్‌లో ఓటీజీకి వేరే స్విచ్ పెడతాయి, కాసేపు వాడకపోతే అదే ఆఫ్ అయిపోతుంది. ‘పది నిమిషాలు వాయించాడు, టిఫిన్ తిని వచ్చేసరికి పోయింది’ అనే ఫిర్యాదు వెనక చాలాసార్లు ఉండేది ఈ స్విచ్చే.

ఇంకోటి. యూఎస్‌బీ సెట్టింగ్స్‌లో ఫైల్ ట్రాన్స్‌ఫర్ పక్కన ‘మిడి’ అని ఒక ఆప్షన్ ఉంటుంది. అందరూ దాన్ని నొక్కి చూస్తారు. అది ట్యాబ్‌నే కంప్యూటర్‌కి మిడి పరికరంగా చూపించడానికి. దాని జోలికి పోకండి.

ఐప్యాడ్ ఉన్నవాళ్లకు పని కాస్త తేలిక. గ్యారేజ్‌బ్యాండ్ ఉచితం, కీబోర్డు గుచ్చగానే గుర్తుపడుతుంది. టైప్-సి పోర్టున్న ఐప్యాడ్‌కి కేబుల్ చాలు. పాత లైట్నింగ్ మోడల్‌కి ఆపిల్ అమ్మే కెమెరా అడాప్టరు కావాలి, అందులోనూ చార్జర్ గుచ్చుకునే రంధ్రం ఉన్నది. రంగు లైట్ల ప్యాడ్లున్న కీబోర్డులు కరెంటు ఎక్కువ తాగుతాయి. ‘ఈ పరికరానికి ఎక్కువ పవర్ కావాలి’ అని తెరమీద వస్తే చార్జర్ కూడా గుచ్చండి.

ప్రశ్న: షార్జాలో ఉంటాను. గదిలో నలుగురం. షిఫ్టు అయ్యాక రాత్రిపూట ఇయర్‌బడ్స్ పెట్టుకుని వాయించుకుందామని కీబోర్డు కొన్నాను. నొక్కిన తర్వాత కాసేపటికి వినిపిస్తోంది. తాళం తప్పిపోతున్నాను.

జవాబు: తప్పు మీ తాళానిది కాదు, కీబోర్డుదీ కాదు, ఇయర్‌బడ్స్‌ది. బ్లూటూత్ శబ్దాన్ని కుదించి, పంపి, మళ్లీ విప్పేసరికి సెకనులో ఐదో వంతు పోవడం మామూలే. గాల్లో శబ్దం ఆ సమయానికి దాదాపు 70 మీటర్లు వెళ్తుంది. అంటే మీరు ఇక్కడ మెట్టు నొక్కుతుంటే పియానో వీధి చివర మోగుతున్నట్టు. సినిమా చూసేటప్పుడు తెలియదు, ఎందుకంటే యాప్ బొమ్మను కూడా అంతే ఆలస్యం చేసి సర్దుతుంది. మీ వేలిని ఎవరూ ఆలస్యం చేయలేరు.

వైరున్న ఇయర్‌ఫోన్స్ వాడండి, వేరే మందు లేదు. మీ ట్యాబ్‌కి గుండ్రటి ఇయర్‌ఫోన్ రంధ్రం లేక, ఉన్న ఒక్క పోర్టునీ కీబోర్డు ఆక్రమిస్తే చిన్న హబ్ కొనాలి. యూఎస్‌బీ, ఇయర్‌ఫోన్, చార్జింగ్ మూడూ ఒకదాంట్లో ఉన్నది చూడండి. ఆ హబ్ గుచ్చగానే ట్యాబ్ స్పీకర్ మూగబోతే కంగారు పడొద్దు. హబ్‌ని సౌండ్‌కార్డుగా లెక్కేసి శబ్దాన్ని అటు మళ్లించి ఉంటుంది.

వైరు పెట్టాక కూడా కొంచెం ఆలస్యం ఉంటే యాప్‌లో బఫర్ (వినిపించేముందు యాప్ పోగేసుకునే శబ్దం) తగ్గించండి. మరీ తగ్గిస్తే చిటపటలు వినిపిస్తాయి, అప్పుడు కాస్త పెంచండి. చవక ఆండ్రాయిడ్ ట్యాబుల్లో ఈ ఆలస్యం పూర్తిగా పోదు. ఈ ఒక్క పనికి మాత్రం పాత ఐప్యాడే కొత్త చవక ట్యాబ్ కన్నా మేలని నా అభిప్రాయం.

ప్రశ్న: గాత్రం నేర్పుతాను. ఆడపిల్లలకు ఐదున్నర శ్రుతి, మగపిల్లలకు ఒకటిన్నర. హార్మోనియం మోసుకెళ్లలేక ఇది కొనాలనుకుంటున్నాను. 25 మెట్లు సరిపోతాయా? - బొబ్బిలి నుంచి ఒక టీచరు

జవాబు: సరళీ స్వరాలకు ఒక స్థాయి చాలు, మీకు ఇందులో రెండు వస్తాయి. పిల్లలకు రెండు చేతుల పియానో నేర్పాలంటే మాత్రం ఇది చాలదు. మెట్లు కూడా సన్నగా ఉంటాయి, పెద్దవాళ్ల వేళ్లు పక్క మెట్టుమీద పడతాయి.

మీకు పనికొచ్చే అసలు మీట, స్వరాలన్నిటినీ ఒకేసారి పైకో కిందికో జరిపే ట్రాన్స్‌పోజ్. ఒకటి శ్రుతి మీద వాయించే వేళ్లతోనే ఏ శ్రుతైనా పలికించవచ్చు. ఒకటిన్నరకు ప్లస్ 1 పెట్టండి. ఐదున్నరకు ప్లస్ 8, లేదా కింది స్థాయిలో కావాలంటే మైనస్ 4. యాప్‌లోనూ కీబోర్డులోనూ రెండుచోట్లా పెడితే రెండూ కలిసిపోతాయి. పిల్ల ఒక శ్రుతి, మీరు ఒక శ్రుతి అయి క్లాసు రభస అవుతుంది. ఒక్కచోటే పెట్టండి. కొనేముందు ఆ కీబోర్డులో స్థాయి మార్చే ఆక్టేవ్‌తో పాటు ట్రాన్స్‌పోజ్ కూడా ఉందో లేదో చూసుకోండి. కొన్నిటిలో మొదటిదే ఉంటుంది.

గమకాల మీద మాత్రం ఆశ పెట్టుకోవద్దు. ఎడమవైపు ఉండే, స్వరాన్ని జార్చే పిచ్ బెండ్ మామూలుగా పైకి రెండు మెట్లు, కిందికి రెండు మెట్లు జారుతుంది. దానితో చిన్న జారు పలుకుతుంది. తోడి రాగంలో ఊగే గాంధారం అడిగితే నవ్వులపాలవుతాం.

ప్రశ్న: తొక్కితే స్వరం సాగాల్సిన సస్టైన్ పెడల్ తిరగబడింది. తొక్కితే స్వరం ఆగిపోతోంది, వదిలేస్తే సాగుతోంది.

జవాబు: కీబోర్డు ఆన్ అయ్యేటప్పుడు పెడల్ ఏ స్థితిలో ఉంటే దాన్నే ‘వదిలిన స్థితి’గా తీసుకునే మోడళ్లు చాలా ఉన్నాయి. యూఎస్‌బీ పీకేయండి, పెడల్ మీంచి కాలు తీసేయండి, మళ్లీ గుచ్చండి. అప్పటికీ అలాగే ఉంటే పెడల్ అడుగున చిన్న స్విచ్ ఉందేమో తిరగేసి చూడండి.